ఐదో ప్రశ్నలో మోటారు

"పొలం మోటారుకి బిల్లేంటి మేడం?" అని అఖిల లేచి నిలబడి అడిగింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. "పరీక్షలో మాటలుండవు. ప్రశ్న చదువుకుని రాయి, కూర్చో" అన్నాను. ఏళ్ళ తరబడి పరీక్ష గదుల్లో నిలబడి నిలబడి నాలుకకి పట్టేసిన మాట, ఆలోచించకుండానే వచ్చేసింది. ఆ పిల్ల కూర్చుంది. పెన్ను మూత పంటి కింద పెట్టుకుని కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది, ఐదో ప్రశ్న కింద గబగబా ఒక ముక్క రాసింది, ఆ కాగితం పక్కన పెట్టేసింది. బల్ల మీద మిగిలిన ప్రశ్నపత్రం తీసుకుని, నేనే రాసిన ప్రశ్నని ఎవరో రాసినట్టు చదివాను. ఒక రైతు తన పొలంలో ఐదు హెచ్.పి. మోటారును రోజుకు ఆరు గంటల చొప్పున ముప్పై రోజులు నడిపాడు, ఆ నెల కరెంటు బిల్లు ఎంత వస్తుంది? ఎంత వస్తుందట! ఏమీ రాదు. వ్యవసాయానికి కరెంటు ఉచితం, ఈ ఊళ్ళో ఏ రైతూ పొలం మోటారుకి బిల్లు కట్టిన పాపాన పోలేదు, ఆ సంగతి ఒకటో తరగతి పిల్లనడిగినా చెబుతుంది. ఫిజిక్స్ మేడం రహమతున్నీసాకి మాత్రం తెలియలేదు. తెలియకేం, మా ఆయన కలీం కాలిపోయిన పొలం మోటార్లకి వైండింగ్ చేసే మనిషి, పొద్దున లేస్తే మా ఇంట్లో మోటార్ల గొడవే. అన్నీ తెలిసే ఇట్లా రాశాను. ఛీ, నా బుర్ర తగలెయ్య.

ఇదేదో మామూలు యూనిట్ టెస్టయితే పోనీలే అనుకుని ఊరుకునేదాన్ని. మా హైస్కూల్లో చదివి పైకొచ్చిన పాత విద్యార్థులు ఒక సంఘం పెట్టుకున్నారు, ఏటా పదో తరగతి పిల్లల్లో ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికే, గుంటూరులో ఇంటర్ సీటు హాస్టలుతో సహా ఇప్పిస్తారు. దానికి ఫిజిక్స్‌లో ఈ పరీక్ష. పేపరు పెట్టింది నేను, గదిలో కాపలా కాసేది నేను, దిద్దేది మాత్రం పక్క మండలం ఫిలిప్ మాస్టారు. జవాబు పత్రాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి, నేను రాసిచ్చిన కీ చూసి ఆయన మార్కులేస్తారు. ఇన్ని కట్టుదిట్టాలెందుకంటే, పోయినేడు ఆ సీటు అయినవాళ్ళకే కట్టబెట్టారని ఊరంతా కోడై కూసింది. హెడ్మాస్టరు వీరాంజనేయులు గారు నన్ను పిలిచి, "అమ్మా రహమత్, ఈసారి ఎవడూ నోరెత్తడానికి వీల్లేదు. తెలివున్న బిడ్డకే పోవాలి సీటు. భారం నీదే" అన్నారు. నేను తగుదునమ్మా అని, అదెంత పని సార్ అన్నాను కూడా. ఎంత పనో ఇప్పుడు తెలుస్తోంది. ఆయన అదిగో వరండాలో కుర్చీ వేసుకుని పేపరుతో విసురుకుంటున్నారు, లోపల నా ఒంట్లో చెమట కారిపోతోంది. రంజాన్ ఉపవాసం, రోజా ఉన్నాను, నాలుక పిడచగట్టుకుపోతోంది, ఫ్యాను తిరుగుతోందన్న పేరేగానీ గాలి కిందికి దిగడం లేదు. బడి వెనక కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు కిటికీల్లోంచి వచ్చి గొంతులో కూర్చుంటోంది. అందరూ దగ్గుతూనే రాస్తున్నారు, ఈ కాలంలో ఆ దగ్గు ఎవరికీ వినపడదు.

గది నిండా పిల్లలున్నారు గానీ పోటీ ఇద్దరి మధ్యే, అది వాళ్ళకీ తెలుసు. మొదటి బెంచీలో శ్రీకృష్ణ, మూడో బెంచీలో అఖిల. శ్రీకృష్ణ వాళ్ళది పెద్ద సేద్యం, మిర్చీ పత్తీ రెండూ వేస్తారు, పురుగుమందుల కొట్టు కూడా ఉంది, ఆదివారం ఆదివారం గుంటూరు వెళ్ళి ట్యూషన్ చెప్పించుకుంటాడు. పొగరు లేదు, మంచి పిల్లాడు. వాడికి సీటు రాకపోయినా వాళ్ళ నాన్న గుంటూరులో చేర్పిస్తాడులే అని మనసులో అనుకున్నాను, అనుకోగానే ఒళ్ళు మండింది. అయితే ఏంటట? వాళ్ళ నాన్నకి పొలం ఉంటే వాడి బుర్ర వాడిది కాకుండా పోతుందా? కష్టపడి చదివే పిల్లాణ్ణి పట్టుకుని నీకెందుకురా అనడానికి నేనెవర్ని? సరే, మరి అఖిల సంగతి? దానికి రాకపోతే దగ్గర్లో ప్రభుత్వ కాలేజీ ఉంది, చేరుతుంది. చేరి, సంక్రాంతి దాటాక మళ్ళీ వాళ్ళమ్మతో మిరప కోతల కూలికి పోతుంది. ఊళ్ళో ఉన్నంతకాలం కాయ ముందు, కాలేజీ తర్వాత. హాస్టల్లో ఉంటేనే దాని చదువు చదువు. అందుకే ఈ పరీక్ష దానికి పరీక్ష కాదు, ఊరు దాటడానికి ఉన్న ఒకే ఒక్క దారి. ఆ దారిలో నేను తెచ్చి మోటారు అడ్డం పెట్టాను.

ఈ పేపరు కోసం పడ్డ పాట్లు ఎవరితో చెప్పుకోను. నేను పుట్టింది వేటపాలెంలో. మా అమ్మ జీడిపప్పు వలిచేది, జీడి నూనె తగిలి తగిలి ఆమె వేళ్ళు ఎప్పుడూ నల్లగా పొక్కిపోయి ఉండేవి. నా పదో తరగతి పరీక్షలో మంచు మీద స్కేటింగ్ చేసే మనిషి గురించి ఒక ప్రశ్న వచ్చింది. మంచంటే నేనెరిగింది సోడా కొట్టులో రంపపు పొట్టులో దాచిపెట్టే ఐసుగడ్డ. దాని మీద మనిషి నిలబడ్డమేంటి, జారడమేంటి, జారితే మూతి పగలదా? అయినా గైడులో ఉన్నది ఉన్నట్టు దించేశాను, మార్కులన్నీ పడ్డాయి, ఒక్క అక్షరం అర్థమైంది లేదు. టీచరయ్యాక ఒట్టు పెట్టుకున్నాను, నా పిల్లలకి వాళ్ళు కళ్ళతో చూడని వస్తువు మీద ప్రశ్న వెయ్యనని. అందుకని ఈ పేపర్లో ఆటో పక్కన అద్దం ఉంది, తొట్టి నీళ్ళలో పైకి కనపడే చెంబు ఉంది, బోర్డు కనపడక కళ్ళజోడు పెట్టుకున్న పిల్ల ఉంది. ఎక్కాలు తప్పి ఫిజిక్స్ పోగొట్టుకోకూడదని చిన్న అంకెలే వేశాను. పెద్ద వాక్యం చదివేసరికే అలిసిపోయే పిల్లలుంటారని మాటలన్నీ కత్తిరించాను. ఇన్ని చేసి ఐదో ప్రశ్న దగ్గరికొచ్చేసరికి, మొదట రాసుకున్నది ఏమిటంటే, ఒక ఇంట్లో ఏసీ రోజుకు ఆరు గంటలు నడిస్తే బిల్లెంత అని. ఏసీయా? ఈ గదిలో ఎంతమంది ఇళ్ళలో ఏసీ ఉంది? కొట్టేశాను. రైతు, పొలం, మోటారు అని రాశాను, రాసి నా భుజం నేనే తట్టుకున్నాను.

సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక కలీంకి చదివి వినిపించాను కూడా. పేపరు ముందుగా ఏ పిల్లకీ చూపించి చూసుకోవడానికి లేదాయె, మొగుడే దిక్కు. ఖర్జూరం గింజ ఉమ్మేసి, "ఐదు హెచ్.పి. ఎవడు వాడుతున్నాడు ఇప్పుడు? ఏడున్నర పెట్టు" అన్నాడు. "ఏడున్నరకి లెక్క గజిబిజి అవుద్దండీ" అన్నాను. "లెక్క కోసం మోటారు మార్చేస్తావా? భలే ఉందే నీ చదువు. నేనూ అట్టాగే చుడతా ఇకనించి, రైతు వచ్చి తంతాడు" అని నవ్వాడు. తర్వాత కాస్త సీరియస్ అయి, "యూనిట్ రేటు ఏ రేటు వేశావు? ఇంటికొకటి, కొట్టుకొకటి. నా కొట్టు బిల్లు చూశావంటే కళ్ళు తిరుగుతాయి" అన్నాడు. అప్పుడు పేపరు పైన, కావలసిన విలువలు ఇచ్చే చోట, యూనిట్ ధర పక్కన 'ఇంటి వాడకానికి' అని చేర్చాను. ఎంత జాగ్రత్త! పైన ఇంటి రేటు ఇచ్చి, కింద పొలం మోటారు పెట్టాను. తనూ చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. తనకి మోటారంటే చుట్టాల్సిన రాగి తీగ, నాకు మోటారంటే నాలుగు మార్కులు. దాన్ని పొలంలో ఉన్న మోటారుగా చూసింది ఈ పిల్ల ఒక్కతే.

ఇప్పుడు అఖిల చెమట తుడుచుకుంటోంది. వేళ్ళతో కాదు, మోచెయ్యి పైకెత్తి జబ్బతో. ఈ గదిలో సగం మంది ఇంతే, ఈ కాలంలో ఎవరూ వేళ్ళు కంటి దగ్గరికి పోనివ్వరు. కాయ కోసిన చెయ్యి సబ్బు పెట్టి తోమినా మంట వదలదు, కొబ్బరి నూనె రాసినా, మజ్జిగలో ముంచినా రెండో పూటకి మళ్ళీ మొదలు. మిరప కోతలొచ్చాయంటే మా హాజరు పట్టీ చూడాలి, తెల్లారకుండానే ఆటోల నిండా ఆడవాళ్ళు, వాళ్ళ పక్కన ఒదిగి కూర్చుని మా పిల్లలు. అఖిల మొదటి కోతకి పోయింది, రెండో కోతకీ పోయింది. వాళ్ళమ్మ ఆదెమ్మ దగ్గరికి వెళ్ళి కేకలేశాను, పదో తరగతి పిల్లని ఇట్లా మానిపిస్తారా అని. ఆమె నాకు మంచం వాల్చి, మంచినీళ్ళిచ్చి, నాకంటే గట్టిగా మాట్లాడింది. "నేనేమన్నా సరదాకి తోలకపోతన్నానా మేడం? కాయ ఆగుద్దా? నాలుగు చినుకులు పడితే రంగు పోయి మొత్తం తాలు అయిపోద్ది, అప్పుడు రైతు మమ్మల్ని పిలుస్తాడా? నాకు నడుం వంగట్లా. అది పక్కనుంటే రెండు సాళ్ళు ఎక్కువ తెగుతయ్. ఈ కోత అవ్వంగానే నేనే తీసుకొచ్చి మీ బళ్ళో కూసోబెడతా." ఆమె చెప్పిందాంట్లో అబద్ధం ఏముంది? మంచినీళ్ళు తాగి వచ్చేశాను.

అప్పటి నుంచీ బడికొచ్చినప్పుడల్లా మధ్యాహ్నం బెల్లు తర్వాత కూర్చోబెట్టి పోయిన పాఠాలు చెప్పాను. కాంతి మొత్తం చెప్పాను, కటకాలు, కన్ను, అన్నీ. ఏం పట్టుకుంటుందో ఆ పిల్ల! ఒకసారి చెబితే చాలు, రెండోసారి అదే నన్ను అడుగుతుంది. స్టాఫ్‌రూములో అప్పుడే మొదలెట్టారు, మేడం గారి పెంపుడు కూతురు వచ్చిందని. నవ్వులాటకే అన్నారు, కానీ ఆ నవ్వులాట ఊళ్ళోకి నడిచి వెళ్ళడానికి ఎంతసేపు? విద్యుత్ పాఠం మొదలెడదామనుకునేసరికి మళ్ళీ కోతలు. తర్వాత కనపడితే, "విద్యుత్ చూసుకున్నావా?" అని అడిగాను, "యాస్మిన్ నోట్సు తీసుకున్నా మేడం" అంది. పేపరు రాసేటప్పుడు, ఆ పాఠం తీసేస్తే ఏమవుతుందని ఒక పూటంతా ఊగిసలాడాను. తీసేస్తే అఖిలకి మేలు, కానీ రోజూ బడికొచ్చి ఆ పాఠం ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదివిన పిల్లల సంగతేంటి? వాళ్ళేం పాపం చేశారు? ఉంచాను. ఉంచి, ఈ ఊరి పిల్ల ఎవరైనా చెయ్యగలిగేలా తేలిక చేశాననుకున్నాను.

లేచి బెంచీల మధ్య నడుస్తున్నాను. కాపలా కాసేవాళ్ళు నడవాలి కదా, తప్పేం లేదు. హయాత్ పెదాలు తడుపుకుంటూ రాస్తున్నాడు, వాడూ రోజానే. మరియదాసు కుంభాకార దర్పణం బొమ్మ వేసి చెరిపి వేసి చెరిపి కాగితానికి చిల్లు పెట్టాడు. మూడో బెంచీ దగ్గర నా కాళ్ళు వాటంతటవే నెమ్మదించాయి. అఖిల ఐదో ప్రశ్న కింద రాసింది కనిపించింది. సున్నా. పక్కన, పొలానికి కరెంటు ఫ్రీ. అంతే. ఇక ఫిలిప్ మాస్టారు ఏం చేస్తారు? నా కీలో రెండు వేల ఏడు వందలని ఉంది, హెచ్.పి.ని వాట్లు చెయ్యడానికి ఒక మార్కు, యూనిట్లు కట్టడానికి రెండు, బిల్లుకి ఒకటి. ఆయన ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టి పైకి పోతారు, ఆయన తప్పేం ఉంది? నాలుగు మార్కులు. శ్రీకృష్ణకీ దీనికీ ఏ పరీక్షలోనూ అంతకు మించి తేడా ఉండదు. అంటే ఆ సీటు ఈ సున్నాలోనే ఉందన్నమాట.

సరే, కీ మారుస్తాను. సున్నా అన్నా నాలుగు మార్కులూ వెయ్యండని రాసిస్తాను. తప్పేముంది, ప్రశ్నలో అడిగిందానికి నిజంగా సరైన జవాబు అదేగా? ఉండు, ఉండు, తొందరపడకు రహమతున్నీసా. మరి ఆ చివర బెంచీలో వాట్లంటే తెలియని వాడొకడున్నాడు, వాడూ సున్నా అనే రాసి ఉంటాడు, వాడికీ నాలుగూ వేస్తావా? లెక్క మొత్తం వచ్చి, ఊళ్ళో సంగతి తెలిసి, నవ్వుకుని సున్నా పెట్టిన పిల్లనీ, ఏమీ రాక సున్నా పెట్టిన పిల్లవాణ్ణీ నా ప్రశ్న ఎట్లా విడదీస్తుంది? విడదీయలేదు. ప్రశ్న ఉన్నది అందుకే కదా, పిల్లకి ఏం వచ్చో ఏం రాదో నాకు చెప్పడానికి. చెప్పలేని ప్రశ్న ఎంత సొంపుగా ఉంటే ఏం, ఎంత మన ఊరి వాసన కొడితే ఏం? పోనీ ఆ ప్రశ్నే రద్దు చేయిస్తే? అప్పుడు బుద్ధిగా లెక్క చేసినవాళ్ళు ఊరుకుంటారా? ఊరుకోకూడదు కూడా. నీళ్ళు తాగాలనిపించింది, లేవు, తాగకూడదు, ఉమ్మి మింగి మళ్ళీ బల్ల దగ్గరికి నడిచాను.

దారిలో మొదటి బెంచీ. శ్రీకృష్ణ కాగితం మీద, నీట్‌గా, స్కేలు పెట్టి గీత గీసి, రెండు వేల ఏడు వందలు. వాళ్ళ పొలాల్లో ఎన్ని మోటార్లున్నాయో వాడికే సరిగ్గా తెలియదు, ఒక్కదానికీ బిల్లు రాగా వాడు పుట్టి ఎరగడు. అయినా చెయ్యి ఆగలేదు. పరీక్షలో రైతు వేరు, వాళ్ళ నాన్న వేరు అని ఎప్పుడో తెలుసుకున్నాడు, చెప్పులు గుమ్మం దగ్గర విడిచినట్టు ఊరిని బయట విడిచేసి లోపలికొచ్చాడు. అట్లా విడవమని నేర్పింది ఎవరు? మేమే. మంచు మీద స్కేటింగ్ అని నాకూ అట్లాగే నేర్పారు. అఖిల ఆ విద్య ఇంకా నేర్చుకోలేదు, తనకి తెలిసిందంతా వెంటపెట్టుకుని వచ్చి కూర్చుంది, అందుకే లేచి అడిగింది. అడిగితే నేను నోరు మూసుకోమన్నాను.

ఎందుకు మూసుకోమన్నాను? రూలు అని చెప్పుకుంటున్నాను గానీ, నిజం చెప్పు. ఇదే మాట శ్రీకృష్ణ లేచి అడిగి ఉంటే? మేడం, పొలం మోటారుకి బిల్లు రాదు కదండీ అని వాడు అని ఉంటే ఏం చేసేదాన్ని? అవున్రా నాయనా, తప్పు నాదే, అందరూ ఇంటి రేటే వేసుకోండి అని అప్పటికప్పుడు గట్టిగా చెప్పేసేదాన్ని, ఒక్క క్షణం కూడా తటపటాయించేదాన్ని కాదు. హెడ్మాస్టరు గారూ మెచ్చుకునేవారు. మరి ఈ పిల్ల అడిగితే వేలు చూపించి కూర్చోబెట్టాను. ఎందుకంటే ఇది అఖిల. మేడం గారి పెంపుడు కూతురు. దీనికి జవాబు చెబితే, అదిగో చూశారా, ముందే అనుకున్నాం అంటారని. నాకు దీని మీద ప్రేమ ఉందని, ఆ ప్రేమ బయటపడుతుందేమోనన్న భయంతో, పరాయి పిల్లకైతే చేసే న్యాయం కూడా దీనికి చెయ్యకుండా రూలు పుస్తకం అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. సిగ్గు లేకపోతే సరి! ఊరు ఏమంటుందోనని ఒక బిడ్డ గొంతు నొక్కడం కూడా పక్షపాతమే, కాకపోతే ఎవరూ వేలెత్తి చూపని పక్షపాతం.

టైము ఇంకా ఉంది. ఎవరూ బయటికి పోలేదు, అందరి కాగితాలూ చేతిలోనే ఉన్నాయి. బల్ల మీద డస్టరుతో కొట్టాను. తలలన్నీ లేచాయి. "అందరూ వినండి. ఐదో ప్రశ్నలో తప్పుంది. తప్పు నాది. పొలం మోటారుకి బిల్లు రాదు, అఖిల అడిగింది నిజమే. ఆ మోటారు ఇంటి కనెక్షన్ మీద నడుస్తోందనుకుని, పైన ఇచ్చిన ఇంటి రేటుతో లెక్క చెయ్యండి. ముందు ఏం రాసినా కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు" అన్నాను. గొంతు పొడిబారి బొంగురుగా వచ్చింది. ఒక్కసారిగా గదంతా కలకలం. "అయ్యో మేడం, నేను సున్నా రాసి పడేశా!" అన్నాడు మరియదాసు. "నేనూ అంతేగా" అంది యాస్మిన్. హయాత్ తల పట్టుకున్నాడు. చూస్తే సగం గది సున్నాయే. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. శ్రీకృష్ణ మాత్రం లేచి, "నేను ఇంటి రేటే వేశానండి, మార్చక్కర్లేదా?" అన్నాడు. "అక్కర్లేదు నాన్నా. మీ పొలంలో బిల్లు వస్తుందా?" అన్నాను. "రాదండీ. పరీక్షలో అడిగారు కాబట్టి వస్తుందేమో అనుకుని వేసేశా" అన్నాడు, అంత అమాయకంగానూ. సందడికి వీరాంజనేయులు గారు గుమ్మంలోకి వచ్చి, "ఏంటమ్మా గోల?" అన్నారు. "ప్రశ్న తప్పు పెట్టాను సార్, అందరికీ ఒకేసారి చెప్పేశాను, ఇంకాస్త టైమివ్వాలి వీళ్ళకి" అన్నాను. ఆయన నా మొహం చూసి, గదిలో మొహాలన్నీ చూసి, "ఇవ్వు మరి" అని వెళ్ళి కుర్చీలో కూర్చున్నారు.

అమ్మయ్య అనుకున్నాను. ఎంత తేలికైన పని, ఎంతసేపు నాన్చాను! పెన్నులన్నీ కదులుతున్నాయి. నేను మూడో బెంచీ వైపే చూస్తున్నాను, ఇక దాచుకోవడం కూడా మానేశాను. రాయి తల్లీ, ఐదుని ఏడు వందల యాభైతో గుణించు, వెయ్యితో భాగించు, నీకెంతసేపు అది. అఖిల పెన్ను కదలడం లేదు. ప్రశ్నపత్రం తిప్పి చూసింది, పైన ఇచ్చిన విలువల దగ్గర వేలు పెట్టి చదివింది, కింద ప్రశ్న చదివింది, మళ్ళీ పైన చదివింది. తర్వాత లేచి నిలబడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మేడం, ఇంటి మోటారైతే నాకు రాదండి" అంది. "ఆ పాఠం మీరు చెప్పినప్పుడు నేను కోతల్లో ఉన్నా. యాస్మిన్ నోట్సు తీసుకున్నా గానీ అర్థం కాలా."

ఏడవలేదు, గొంతు కూడా తగ్గించలేదు, రేపు బడికి రానండి అన్నట్టు మామూలుగా చెప్పింది. కూర్చుని, తను రాసిన సున్నా మీద, పక్కన రాసిన మాట మీద, పెన్నుతో ఒక గీత కొట్టేసింది. ఎవరు కొట్టమన్నారే నిన్ను? ఉంచితే ఏమయ్యేది? నేను కీలో ఏదో ఒకటి రాసేదాన్నేమో, ఒక్క మార్కైనా పడేదేమో, చచ్చుదానా! నా కళ్ళు నిండిపోయాయి, గబుక్కున చెయ్యి ఎత్తి తుడుచుకున్నాను, ఎవరైనా చూస్తే మిరప ఘాటు అనుకుంటారులే అనుకున్నాను. నేను మాటలు దిద్దాను, అంకెలు దిద్దాను, ఏసీ తీసి మోటారు పెట్టాను, మోటారుని పొలంలోంచి ఇంట్లోకి తెచ్చాను. ఆ పాఠం చెప్పిన రోజుల్లో ఆ పిల్ల ఎక్కడుందో అది మాత్రం ఏ ప్రశ్నలోనూ దిద్దడానికి లేదు. పరీక్షని కోతలకి ముందు పెట్టమని హెడ్మాస్టరు గారితో కొట్లాడి ఉండాల్సింది, ఇప్పుడు కొట్లాడతాను, వచ్చే ఏడు పిల్లలకి పనికొస్తుంది. అఖిల వచ్చే ఏడు ఈ బళ్ళో ఉండదు.

బల్ల దగ్గర నిలబడి ఫ్యాను చప్పుడు వింటూ ఉంటే మూడో బెంచీలోంచి చెయ్యి లేచింది. ఆఖరి ప్రశ్న, పొద్దుగూకే సూర్యుడు ఎందుకు ఎర్రగా ఉంటాడో బొమ్మ వేసి నీ మాటల్లో చెప్పమన్నది, కాగితం అంచుదాకా రాసేసింది, ఇంకా చాలా ఉన్నట్టుంది, పెన్ను పట్టుకున్న చెయ్యి దించకుండానే అడిగింది.

"మేడం, ఇంకో కాయితం ఇస్తారా?"